1971 డుకాటి 350 స్క్రాంబ్లర్ స్టార్ట్ అవ్వట్లేదా? ముందు కిక్ కొట్టడం ఆపండి

మీరు రాసినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇదీ. న్యూజెర్సీలో ఎవరో పెద్దాయన గ్యారేజీలోంచి 1971 డుకాటి 350 స్క్రాంబ్లర్ కొన్నారు, ఇరవై ఏళ్ళ పైగా కదల్లేదంట, మీరు కొత్త 6 వోల్ట్ బ్యాటరీ పెట్టి ట్యాంకులో కొత్త పెట్రోలు పోసి కిక్ కొడుతున్నారు, అప్పుడప్పుడు సైలెన్సర్లో టప్ మని పేలుతుంది తప్ప బండి అందుకోవట్లేదు, మొన్న ఒకసారి రివర్స్ కొట్టి మడమ వాచింది. ఇప్పుడు 12 వోల్ట్‌కి మార్చేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టేస్తే గోల వదిలిపోద్దా, ఏ ఆయిల్ పొయ్యాలి, హ్యాండిల్ మీద ఉన్న చిన్న లివర్ ఏంటి, ఇవీ అడిగారు.

ముందు కిక్ కొట్టడం ఆపండి బ్రదర్. మీ మడమ కోసం ఒకటి, ఇంజిన్ కోసం ఇంకొకటి. ఇరవై ఏళ్ళు కదలని ఇంజిన్లో ఆయిల్ అంతా కిందకి జారిపోయి ఉంటది, పైన క్యామ్ దగ్గర బేరింగులు, బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ గోడ), క్రాంక్ మీద కనెక్టింగ్ రాడ్ బేరింగు అన్నీ ఎండిపోయి ఉంటాయి, బోరులో సన్నగా తుప్పు కూడా ఉండొచ్చు, మీరు కొట్టే ప్రతి కిక్కూ దాన్ని పొడిగా రుద్దుతున్నట్టే. ఒకవేళ మీ అదృష్టం బాగుండి అది స్టార్ట్ అయ్యుంటే ఇంకా నష్టం, ఎందుకంటే ఆయిల్ పైకి వెళ్ళేలోపే మూడు వేల ఆర్‌పీఎం కొట్టేస్తది.

ఇంకో మాట కూడా ముందే చెప్తాను, ఈ బండి మీద ఒక చెడ్డపేరు ఉంది, ఇటాలియన్ బండి కదా నఖరాలు చేస్తది, మూడ్ ఉంటే స్టార్ట్ అవుద్ది లేకపోతే లేదు అని. అదంతా ఉత్తిదే. ఇంజనీర్ ఫాబియో తాలియోని 1954లో డుకాటిలో చేరి, మరుసటి ఏడాది ఇటలీ రోడ్ల మీద జరిగే మోటోజీరో రేసు కోసం 100 సీసీ గ్రాన్ స్పోర్ట్ తయారుచేశాడు, మీ ఇంజిన్ ఆ వంశమే. తలలో వాల్వులు తెరిచే ఒక క్యాము, దాన్ని కింద నుంచి తిప్పే ఒక నిలువు షాఫ్ట్, దానికి రెండు చివరలా బెవెల్ గేర్లు (ఏటవాలు పళ్ళవి), చైన్ లేదు, పుష్‌రాడ్ లేదు. 1957లో తార్తారిని, మొనెత్తి అని ఇద్దరు ఇటాలియన్ కుర్రాళ్ళు ఇదే కుటుంబంలో 175 సీసీ బళ్ళు రెండు తీసుకుని ప్రపంచం చుట్టి దాదాపు 60 వేల కిలోమీటర్లు తిరిగి 1958లో బొలోనా చేరారు. మూడ్ మీద నడిచే బండి అయితే మొదటి సరిహద్దు దాటేది కాదు. ఈ ఇంజిన్ స్టార్ట్ అవ్వట్లేదంటే దానికి కారణం ఉంటది, నూటికి తొంభై సార్లు ఆ కారణం స్పార్క్ రావాల్సిన టైముకి రాకపోవడం. మీరు చెప్పిన రెండు లక్షణాలూ, సైలెన్సర్లో పేలడం, కాలుని వెనక్కి తన్నడం, రెండూ అటే వేలు చూపిస్తున్నాయి.

అయితే స్పార్క్ కన్నా ముందు ఆయిల్. ప్లగ్ విప్పేసి ఆ కన్నంలోంచి ఒక పదీ పదిహేను ఎంఎల్ పల్చటి ఆయిల్ బోరులో పొయ్యండి, ఒక రాత్రి వదిలెయ్యండి. కింద డ్రెయిన్ ప్లగ్ విప్పి ఉన్న ఆయిల్ అంతా దించండి, ఇంజిన్ వేడిగా లేదు కాబట్టి చాలాసేపు కారుతుంది, కారనివ్వండి. ఆ ఆయిల్ని పారబొయ్యకుండా ఒక తెల్ల గుడ్డలో వడగట్టి చూడండి, అల్యూమినియం పొడి తళతళలాడితే అదొక కథ, ఇనుప ముక్కలు అయస్కాంతానికి అంటుకుంటే ఇంకా పెద్ద కథ, ఉత్త నల్ల మడ్డి అయితే కంగారేం లేదు. ఆ డ్రెయిన్ ప్లగ్ దగ్గరే సన్నటి జాలి ఉంటది, అది తీసి పెట్రోల్లో కడగండి. ఈ ఇంజిన్‌లో బయటినుంచి తీసి కడగగలిగే వడపోత ఆ జాలీయే, ఇప్పటి బళ్ళల్లో లాగా పేపర్ ఫిల్టర్ లేదు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, ఆయిల్ సంగతి మళ్ళీ వస్తది.

కొత్త ఆయిల్ 20డబ్ల్యూ50 పొయ్యండి, రెండున్నర లీటర్లకి కొంచెం అటూ ఇటూ పడుతుంది, డిప్‌స్టిక్ గీత చూసుకుంటూ పొయ్యండి, అంచనా మీద వద్దు. డబ్బా మీద జాసో ఎంఏ (ఆయిల్లో మునిగే క్లచ్‌కి పనికొచ్చే ఆయిల్ గుర్తు) అని ఉండాలి, ఎందుకంటే ఈ బండిలో క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్లో మునిగి ఉంటాయి, కార్ల ఆయిల్ పోస్తే క్లచ్ జారొచ్చు. మొదటి ఆయిల్ ఖరీదైనది వద్దు, అది కడగడానికే, ఒక వంద మైళ్ళు తిరగ్గానే దించెయ్యాల్సిందే.

తర్వాత ప్లగ్ లేకుండానే టాప్ గేర్‌లో పెట్టి వెనక చక్రం చేత్తో మెల్లగా తిప్పండి, ఎక్కడైనా పట్టేస్తుందా, గరగరమంటుందా చూడండి. సాఫీగా తిరుగుతుంటే అప్పుడు క్రాంక్ బేరింగ్ సంగతి. పిస్టన్‌ని మధ్యలో ఉంచి, ప్లగ్ కన్నంలోంచి ఒక చెక్క పుల్ల పిస్టన్ మీద ఆనించి పట్టుకుని, ఎడమ పక్క కవర్ తీసి ఫ్లైవీల్‌ని అటూ ఇటూ కొద్దిగా ఊపండి. ఫ్లైవీల్ కదిలిన వెంటనే పుల్ల కదలాలి. ఫ్లైవీల్ కదిలి, ఒక క్షణం ఖాళీగా టక్ మని, తర్వాత పుల్ల కదిలితే రాడ్ బేరింగ్ పోయినట్టే, అప్పుడు ఇంక స్టార్ట్ చెయ్యడం గురించి ఆలోచించకండి, ఇంజిన్ దించాలి. పక్కకి కొంచెం ఆడటం మాత్రం మామూలే, దానికి భయపడొద్దు.

ఇదంతా అయ్యాక తలమీద వాల్వ్ కవర్లు విప్పి, ప్లగ్ లేకుండా కిక్‌ని మెల్లగా కిందకి నొక్కుతూ ఉండండి, అక్కడికి ఆయిల్ చేరేవరకు. చాలాసేపు పడుతుంది, ఓపిక కావాలి, ఫోన్లో ఏదైనా పాట పెట్టుకోండి. ఆయిల్ పైకి రాకపోతే ఎక్కడో దారి మూసుకుపోయింది, చాలాసార్లు ఆ మూసినోడు పాత ఓనరే. ప్యాకింగ్ బదులు సిలికాన్ గమ్ పామేస్తారు, బయటికి వచ్చిన ముద్దని తుడిచేస్తారు, లోపలికి వచ్చిన ముద్ద ఊడి ఆయిల్ దారిలో కూర్చుంటుంది. అందుకే ఈ ఇంజిన్లో పేపర్ ప్యాకింగ్ తప్ప సిలికాన్ వాడొద్దు అని నేను అందరికీ చెప్తా, ఒక చుక్క కారినా పర్లేదు, కింద అట్టముక్క వేసుకోండి.

కవర్లు తీసే ఉన్నాయి కాబట్టి వాల్వ్ గ్యాప్ కూడా అప్పుడే చూసెయ్యండి, ఇంజిన్ చల్లగా ఉండాలి, పిస్టన్ కంప్రెషన్ మీద పైన ఉండాలి. ఈ కుటుంబంలో కొన్నిటికి స్క్రూతో సెట్ చేసేది, కొన్నిటికి వాల్వ్ తల మీద చిన్న టోపీ మార్చి సెట్ చేసేది, మీ బండికి ఏది ఉందో కవర్ తియ్యగానే తెలిసిపోద్ది, కొలత మాత్రం మీ ఇంజిన్ నంబర్‌కి సరిపోయే ఫ్యాక్టరీ మాన్యువల్లోదే తీసుకోండి. బెవెల్ గేర్ల జోలికి మాత్రం వెళ్ళకండి. వాటి మధ్య ఖాళీని సన్నటి వాషర్లతో సెట్ చేసి ఉంటారు, కొంచెం తేడా వస్తే గేర్లు అరిగిపోతాయి లేదా బిగుసుకుపోతాయి. నడిచేటప్పుడు వాటినుంచి సన్నటి ఈల వస్తది, అది జబ్బు కాదు.

పెట్రోల్ సంగతి. ట్యాంకులో కొత్త పెట్రోలు పోశానన్నారు, లోపల ట్యాంక్ కడిగారా? ఇరవై ఏళ్ళ పాత పెట్రోలు ఎండి బెల్లం పాకంలాగా అడుగున పట్టి ఉంటది, దాని మీద మీరు పోసిన కొత్తది దాన్ని కరిగించి తిన్నగా కార్బరేటర్లోకి పంపిస్తుంది. ట్యాంక్ దించి సిట్రిక్ యాసిడ్ నీళ్ళు పోసి ఒక రోజు ఉంచి, గుప్పెడు నట్లు వేసి కుదిపి, కడిగి, వెంటనే హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టండి, ఆరబెట్టడం ఆలస్యమైతే కళ్ళముందే మళ్ళీ తుప్పెక్కుతుంది. బయట క్రోమ్ మీద యాసిడ్ పడకుండా చూసుకోండి. లోపల లైనర్ పూత వేసుకోమని చాలామంది చెప్తారు, నాకు ఇష్టం లేదు, మీ దగ్గర పంపుల్లో దొరికేది ఇథనాల్ కలిపిన ఈ10, అది కొన్ని రకాల పూతల్ని కొన్నేళ్ళకి పొరలు పొరలుగా లేపుతుంది, అప్పుడు తుప్పుకన్నా పెద్ద తలనొప్పి. కన్నాలు లేకపోతే ట్యాంక్‌ని ఊరికే శుభ్రంగా ఉంచండి చాలు. పెట్రోల్ పైపు మాత్రం కొత్తది, ఇథనాల్ తట్టుకునేది వెయ్యండి, పాత రబ్బరు మెత్తబడి పగిలి వేడి ఇంజిన్ మీద కారిందంటే గ్యారేజీయే పోద్ది. చేతికందే దూరంలో ఒక ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకోండి, నవ్వకండి.

మీ బండికి ఉండాల్సింది డెల్‌ఓర్టో వీహెచ్‌బీ కార్బరేటర్, చదరపు స్లైడ్ ఉన్నది. దాన్ని విప్పడం తేలికే, కానీ విప్పి ఊరికే కార్బ్ క్లీనర్ కొట్టేసి బిగిస్తే పని అవ్వదు. స్లో జెట్ కన్నం చాలా సన్నం, అదే మూసుకుపోయేది, అదే స్టార్టింగ్‌కి కావాల్సింది. అన్ని జెట్లూ విప్పి వెలుతురుకి అడ్డంగా పెట్టి చూడండి, గుండ్రటి వెలుగు చుక్క కనపడాలి. లోపల ఇనుప తీగ పెట్టి పొడవొద్దు, ఇత్తడి మెత్తన, కన్నం పెద్దదైపోద్ది, నైలాన్ పోగు వాడండి. అల్ట్రాసోనిక్ మెషీన్ ఉన్నవాళ్ళు దగ్గర్లో ఉంటే వాళ్ళకి ఇచ్చెయ్యడం మంచిది. ఫ్లోట్‌ని చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల పెట్రోల్ చప్పుడు వస్తే చిల్లు పడింది. ఇంజిన్‌కి బిగించే చోట ఫ్లాంజ్ వంగి ఉంటే గాలి లాగేస్తది, ఏళ్ళ తరబడి ఎవరో ఒకరు నట్లు మరీ బిగించి ఉంటారు, ఒక గాజు పలక మీద పెట్టి చూస్తే తెలిసిపోద్ది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, ఇగ్నిషన్. మీ బండిది బ్యాటరీ, కాయిల్, ప్లాటినం పాయింట్లు (తెరుచుకున్నప్పుడు స్పార్క్ పడేలా చేసే చిన్న స్విచ్) ఉన్న సిస్టమ్. అంటే బ్యాటరీ వీక్ అయితే స్పార్క్ వీక్. పాత స్క్రాంబ్లర్లు, 1960ల మధ్యలోవి, కొన్ని బ్యాటరీ లేకుండా ఫ్లైవీల్ మ్యాగ్నెటోతో నడిచేవి, నెట్‌లో చదివే సలహాలు చాలావరకు ఏ బండి గురించో చెప్పకుండా రాసేస్తారు, జాగ్రత్త. 6 వోల్ట్ సిస్టమ్‌లో అర వోల్ట్ ఎక్కడో పోయిందంటే 12 వోల్ట్ బండిలో ఒక వోల్ట్ పోయినట్టు, కాబట్టి తుప్పు పట్టిన ప్రతి కనెక్షనూ ఇక్కడ రెట్టింపు లెక్క. ఇంజిన్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య ఎర్త్ వైరు కొత్తది వెయ్యండి, ఫ్రేమ్ మీద పెయింట్ గీకి ఇనుము కనపడేలా చేసి బిగించండి. ఇగ్నిషన్ ఆన్ చేసి పాయింట్లు మూసి ఉన్నప్పుడు కాయిల్ దగ్గర మీటర్ పెట్టి ఎన్ని వోల్ట్‌లు వస్తున్నాయో చూడండి, బ్యాటరీ దగ్గర ఉన్నదానికీ దీనికీ పెద్ద తేడా ఉంటే కీ స్విచ్, హెడ్‌లైట్ డొప్పలో ఉన్న వైర్ల గుత్తి, ఈ రెండిట్లో ఒకచోట దొంగ ఉన్నాడు.

పాయింట్లు కుడి పక్క చిన్న గుండ్రటి మూత కింద ఉంటాయి. వాటి మధ్య ఒక మందమైన కాగితం, విజిటింగ్ కార్డ్ అయినా సరే, పెట్టి లాగండి, నల్లగా వస్తే మళ్ళీ లాగండి, తెల్లగా వచ్చేవరకు. గుంతలు పడి ఉంటే మార్చెయ్యండి, కండెన్సర్ కూడా, అది ఎలాగూ ఏభై ఏళ్ళ ముసల్ది. గ్యాప్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు 0.3 నుంచి 0.4 ఎంఎం మధ్య పెట్టండి. ప్లగ్ గ్యాప్ 0.5, 0.6 దాటనివ్వొద్దు, 6 వోల్ట్ కాయిల్‌కి అంతకన్నా దూకే ఓపిక లేదు.

గ్యాప్ సెట్ చేశాక చాలామంది మూత పెట్టేస్తారు. పెట్టకండి. ఆ పాయింట్లని తెరిచే క్యామ్ ఉంది చూశారా, దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా తిప్పండి. కొంచెం దూరం తిరిగి, వదిలేస్తే స్ప్రింగ్ తో టక్కున వెనక్కి రావాలి. ఇది ఆటోమేటిక్ అడ్వాన్స్. దీని పని ఏంటంటే, కిక్ కొట్టేటప్పుడు ఇంజిన్ మెల్లగా తిరుగుతుంది కాబట్టి స్పార్క్ దాదాపు పిస్టన్ పైకి వచ్చాకే పడాలి, స్పీడ్ పెరిగేకొద్దీ రెండు బరువులు బయటికి విచ్చుకుని స్పార్క్‌ని ముందుకి జరపాలి. ఇరవై ఏళ్ళు ఊరికే ఉన్న బండిలో ఆ గ్రీజ్ ఎండి బరువులు విచ్చుకున్న చోటే అతుక్కుపోతాయి. అప్పుడేమవుద్ది, మీరు కిక్ కొడతారు, పిస్టన్ ఇంకా పైకి వస్తూనే ఉంటది, స్పార్క్ ముందే పడిపోద్ది, పేలుడు పిస్టన్‌ని వచ్చిన దారిలోనే కిందకి తంతుంది, ఆ తన్ను కిక్ లివర్లోంచి మీ మడమకి వస్తది. మీకు మొన్న జరిగింది బహుశా ఇదే. క్యామ్ వెనక్కి రాకపోయినా, బద్ధకంగా వచ్చినా, షాఫ్ట్ వెంబడి ఒక చుక్క పల్చటి ఆయిల్ వేసి ఒక రోజు ఆగి మళ్ళీ తిప్పి చూడండి. అప్పటికీ కదలకపోతే కవర్ విప్పి బరువులు, స్ప్రింగులు బయటికి తీసి శుభ్రం చెయ్యాలి. ఇది కాకుండా ఎన్ని కాయిల్‌లు మార్చినా, ఎన్ని ప్లగ్‌లు మార్చినా ఒకటే.

అడ్వాన్స్ సాఫీగా ఆడుతున్నాకే టైమింగ్ చూడాలి. పిస్టన్ ఎక్కడుందో కొలవడానికి ప్లగ్ కన్నంలో డయల్ గేజ్, లేకపోతే ఫ్లైవీల్ మీద డిగ్రీ చక్రం, పాయింట్ల వైరుకి ఒక చిన్న 6 వోల్ట్ బల్బు పెట్టండి. బల్బు మారిన క్షణమే స్పార్క్ పడే క్షణం. ఫ్యాక్టరీ మాన్యువల్లో స్టార్టింగ్‌కి ఒక అంకె, ఫుల్ అడ్వాన్స్‌కి ఒక అంకె ఉంటాయి, రెండూ చూడండి, ఒక్కటి చూసి వదిలెయ్యొద్దు, ఎందుకంటే స్ప్రింగులు సాగిపోయిన యూనిట్‌లో మొదటి అంకె సరిగ్గా వచ్చి రెండోది ఎటో పోద్ది, బండి స్టార్ట్ అవుద్ది కానీ రోడ్డు మీద వేడెక్కి పిస్టన్ పాడవుద్ది.

ఇంక క్లచ్ ప్లేట్లు అతుక్కుపోయి ఉంటాయి. ఇంజిన్ స్టార్ట్ అవ్వకముందే, గేర్‌లో పెట్టి క్లచ్ పూర్తిగా నొక్కి బండిని ముందుకీ వెనక్కీ గట్టిగా ఊపండి, టక్ మని విడిపోతాయి. ఇది మర్చిపోయి స్టార్ట్ చేసి గేర్ వేస్తే బండి గ్యారేజీ గోడలోకి వెళ్తుంది.

కిక్ ఎలా కొట్టాలి అన్నది చాలామందికి సరిగ్గా ఎవరూ చెప్పరు. మీరు మనూళ్ళో బుల్లెట్ నడిపానన్నారు కాబట్టి సగం పని అయిపోయింది. బుల్లెట్‌లో అమ్మీటర్ ముల్లు చూసుకుంటూ డీకంప్రెసర్ నొక్కి పిస్టన్‌ని పైన దాటించి అప్పుడు కొట్టేవాళ్ళు కదా, ఇక్కడా అంతే, అమ్మీటర్ ఒక్కటి లేదు, ఆ పని మీ పాదమే చెయ్యాలి. పెద్ద తేడా ఏంటంటే డుకాటి సింగిల్స్‌కి, అంటే ఒకే సిలిండర్ బళ్ళకి, కిక్ ఎడమ పక్కన ఉంటది, యెజ్దీ నడిపినవాళ్ళకి ఇది అలవాటే. బండి ఎక్కి కూర్చుని ఎడమ కాలితో కొట్టడం మీకు కష్టంగా ఉంటే, స్టాండ్ వేసి ఎడమ పక్కన నిలబడి కుడికాలితో కొట్టండి, నేనూ అలాగే చేస్తాను, నా దగ్గర ఉన్నది 450 సీసీ డుకాటి, దానికి మరీ అవసరం.

పెట్రోల్ కాక్ తెరవండి. కార్బరేటర్ మీద చిన్న బటన్ ఉంటే దాన్ని నొక్కి పెట్టండి, పెట్రోలు కొంచెం చెమర్చగానే వదిలెయ్యండి, కారేదాకా వద్దు. ఇగ్నిషన్ ఇంకా ఆఫ్‌లోనే ఉంచి రెండుసార్లు మెల్లగా కిక్ తిప్పండి, పెట్రోలు లోపలికి వెళ్తుంది. ఇప్పుడు ఇగ్నిషన్ ఆన్. కిక్‌ని పాదంతో మెల్లగా నొక్కుతూ వెళ్తే ఒకచోట గట్టిగా అడ్డం పడుతుంది, అదే కంప్రెషన్. హ్యాండిల్ మీద ఆ చిన్న లివర్ ఏంటని అడిగారు కదా, అదే డీకంప్రెసర్, ఎగ్జాస్ట్ వాల్వ్‌ని కొంచెం ఎత్తి పడుతుంది, 450లకి ఉంటది, చాలా 350లకి కూడా ఉంటది, మీ దానికి కేబుల్ తెగిపోయి ఉండొచ్చు, కొత్తది వేయించుకోండి. ఆ లివర్ నొక్కి కిక్‌ని ఇంకొక్క అంగుళం దించి, లివర్ వదిలేసి, కిక్‌ని పూర్తిగా పైకి రానిచ్చి, అప్పుడు బరువంతా వేసి కిందదాకా తొక్కండి. సగంలో ఆపొద్దు. భయపడి సగం కొట్టే కిక్కే రివర్స్ కొట్టేది, ఎందుకంటే ఫ్లైవీల్‌కి పిస్టన్‌ని పైన దాటించేంత వేగం రాదు. థ్రాటిల్ అసలు ముట్టుకోకండి, లేదా వెంట్రుక వాసి తెరవండి. కాళ్ళకి మందమైన బూట్లు ఉండాలి, హవాయి చెప్పులతో ఈ బండి దగ్గరికి రావొద్దు. మోకాలు తన్నినట్టు నిటారుగా బిగబట్టకుండా కొంచెం వంచి ఉంచండి, తిరగబడినా మోకాలి చిప్ప మీద పడదు.

ఒక ఐదారు కిక్కులకి అందుకోకపోతే ఆగి ప్లగ్ తీసి చూడండి. తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది, కాక్ మూసి, థ్రాటిల్ ఫుల్‌గా తెరిచి, డీకంప్రెసర్ పట్టుకుని నాలుగైదుసార్లు తిప్పి లోపలిది బయటికి ఊదెయ్యండి, ఆరిన ప్లగ్ వేసి మళ్ళీ మొదలు. పొడిగా ఉంటే పెట్రోలే రావట్లేదు. వేడి ఇంజిన్‌ని స్టార్ట్ చేసేటప్పుడు ఆ బటన్ నొక్కొద్దు, ఎక్కువమంది రోడ్డు పక్కన ఇరుక్కుపోయేది ఆ ఒక్క అలవాటు వల్లే.

గ్యారేజీ ఇంటికి ఆనుకుని ఉంటే బండిని బయటికి తోసి స్టార్ట్ చెయ్యండి, చలికాలం తలుపులేసుకుని చేస్తే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తది. స్టార్ట్ అవ్వగానే రెండు నిమిషాలు ఊరికే మెల్లగా నడవనివ్వండి, రేజ్ చెయ్యొద్దు.

రోడ్డు ఎక్కేముందు ఒక హెచ్చరిక. ఈ బండికి గేర్ కుడికాలు, వెనక బ్రేక్ ఎడమకాలు. 1974 సెప్టెంబర్ తర్వాత అమెరికాలో అమ్మే బళ్ళకి గేర్ ఎడమ పక్కన ఉండాలని రూల్ పెట్టారు, మీది అంతకు ముందుది. పాత బుల్లెట్ మీద నేర్చుకున్నవాళ్ళకి కాలు దానంతటదే గుర్తు తెచ్చుకుంటుంది గానీ మధ్యలో పదేళ్ళు హోండా నడిపి ఉంటే కంగారులో బ్రేక్ అనుకుని గేర్ తొక్కుతారు. ఖాళీ పార్కింగ్ లాట్‌లో ఒక ఆదివారం తిరగండి. టైర్ల పక్కన నాలుగంకెల డేట్ కోడ్ చూడండి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం, మూడే అంకెలు ఉంటే ఆ టైరు 2000కి ముందుది, పూలకుండీకి తప్ప పనికిరాదు. బ్రేక్ డ్రమ్ విప్పి లైనింగ్ షూకి అతుక్కుని ఉందా ఊడుతుందా చూడండి, ఆ పొడిని గాలి కొట్టి ఊదొద్దు, పాతవాటిలో ఆస్బెస్టాస్ ఉంటది, తడిగుడ్డతో తుడవండి. ఫోర్క్ ఆయిల్, కేబుల్స్, చైను ఎలాగూ మార్చేస్తారు, వాటి గురించి కొత్తగా చెప్పేదేం లేదు.

నడవడం మొదలుపెట్టాక ఈ ఇంజిన్ బతుకంతా ఆయిల్ మీదే. ఫిల్టర్ లేదు అన్నాను కదా, దాని బదులు క్రాంక్ లోపల ఒక గూడు ఉంటది, తిరిగే వేగానికి మురికి అంతా అందులోకి విసిరి పేరుకుంటుంది. అది నిండిపోతే రాడ్ బేరింగ్‌కి ఆయిల్ దారి మూసుకుపోద్ది, ఈ సింగిల్స్ చచ్చేది ఎక్కువగా అలాగే. ఆ గూడు ఇంజిన్ విప్పితే తప్ప శుభ్రం చెయ్యలేం. కాబట్టి నా మాటేంటంటే వెయ్యి మైళ్ళకి ఒకసారి, లేదా ఏడాదికి ఒకసారి, ఏది ముందొస్తే అది, ఆయిల్ మార్చి జాలి కడగండి. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతం ఉన్నది దొరుకుతుంది, అది వేసుకోండి. పాత ఓనర్ ఎప్పుడు ఇంజిన్ విప్పాడో బిల్లులు లేకపోతే, ఒక సీజన్ నెమ్మదిగా తిరిగి వచ్చే చలికాలం ఇంజిన్ దించి ఆ గూడు కడిగించుకోవడం మంచిది, ఖర్చే, కానీ క్రాంక్ మొత్తం పోయాక అయ్యే ఖర్చు ముందు అది తక్కువ. ఇంకోటి, కవర్ల స్క్రూలు అల్యూమినియంలోకి బిగుస్తాయి, బలం చూపిస్తే థ్రెడ్డులు ఊడొస్తాయి, చిన్న టార్క్ రెంచ్ కొనుక్కోండి.

12 వోల్ట్, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ గురించి. చెడ్డవేం కావు, యూరప్‌లో కిట్లు దొరుకుతాయి, రాత్రిపూట నడిపేవాళ్ళకి లైటు బాగుంటది. కానీ ఇప్పుడే వద్దు. ఇప్పుడు మీ బండిలో ఏ రోగం ఉందో తెలియదు, కొత్త సిస్టమ్ పెడితే పాత వైరింగ్‌లో ఉన్న తేడా, కొత్తదాంట్లో ఉన్న తేడా కలిసిపోయి ఎవరూ తేల్చలేరు. పాయింట్లతోనే ఒక సీజన్ నడపండి, రోడ్డు మీద ఆగినా జేబులో ఉన్న విజిటింగ్ కార్డుతో బాగుచేసుకుని ఇంటికొస్తారు. అప్పటికీ కావాలనిపిస్తే మార్చండి, పాత సామాను డబ్బాలో దాచండి, అమ్మేటప్పుడు అదే అడుగుతారు.

సామాన్లు వెతికేటప్పుడు ఒట్టి డుకాటి స్క్రాంబ్లర్ అని కొడితే 2015 మోడల్ నుంచి వస్తున్న 803 సీసీ ట్విన్ సామాన్లే వస్తాయి, వైడ్‌కేస్ (వెడల్పు ఇంజిన్ కేసు) సింగిల్ 350 అని కలిపి వెతకండి. 1968 నుంచి 1974 దాకా వచ్చిన 250, 350, 450 ఈ వైడ్‌కేస్‌లే, అంతకు ముందువి న్యారోకేస్, వాటి సామాను చాలావరకు మీ దానికి పట్టదు. స్పెయిన్‌లో బార్సిలోనాలో మోటోట్రాన్స్ అనే కంపెనీ లైసెన్స్ మీద ఇవే సింగిల్స్ తయారుచేసేది, ఆ సామాను చవగ్గా కనపడుతుంది, చూడ్డానికి ఒకటే, కొలతల్లో తేడాలుంటాయి, పాత ముక్కని పక్కన పెట్టి కొలిచి చూడకుండా కొనకండి. మీరున్న చోటు మాత్రం అదృష్టం. ఈ స్క్రాంబ్లర్ అనే మోడల్ పుట్టిందే అమెరికా కోసం, అప్పటి డుకాటి ఇంపోర్టర్ బెర్లినర్ అడిగితే 1962లో తయారుచేశారు, ఆ బెర్లినర్ ఆఫీసు ఉన్నది మీ న్యూజెర్సీలోనే, హాస్‌బ్రూక్ హైట్స్‌లో. అందుకని ఆ చుట్టుపక్కల పాత గ్యారేజీల్లో ఇంకా సామాను బయటపడుతూ ఉంటది. జులైలో ఒహాయోలో మిడ్-ఒహాయో ట్రాక్ దగ్గర వింటేజ్ మోటార్‌సైకిల్ డేస్ జరుగుతుంది, అక్కడి స్వాప్ మీట్‌కి, అంటే పాత సామాన్ల సంతకి, ఒకసారి వెళ్ళండి, క్యాష్ పట్టుకెళ్ళండి, పొద్దున్నే వెళ్ళండి.

ఇవన్నీ ఒక్కసారి చెయ్యలేరు కాబట్టి ఈ శనివారం రెండే చెయ్యండి, ఆయిల్ దించడం, పాయింట్ల మూత తీసి ఆ క్యామ్‌ని వేళ్ళతో తిప్పడం. తిప్పి వదిలేటప్పుడు ఒక చిన్న వీడియో తీసి ఇక్కడ పెట్టండి, వెనక్కి ఎంత వేగంగా వస్తుందో చూస్తే కవర్ విప్పాలో వద్దో చెప్తాను. గుడ్డలో వడగట్టిన ఆయిల్ ఫోటో కూడా, ఎండలో తీసినది.